రొమ్ము కాన్సర్ వెన్నెముకకు పాకితే అది కొత్త కాన్సర్ కాదు, అయినా సూది పరీక్ష వద్దనకండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. అమ్మకు 56 ఏళ్లు. నాలుగేళ్ల కిందట రొమ్ము కాన్సర్‌కు ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, కరెంటు (రేడియేషన్) పెట్టారు. తర్వాత రోజుకో మాత్ర ఇచ్చారు. రెండేళ్లు వేసుకుని, కీళ్ల నొప్పులు తట్టుకోలేక మాకు చెప్పకుండా మానేసింది. ఇప్పుడు నడుము నొప్పని తీసుకెళ్తే స్కాన్‌లో వెన్నెముకలో మచ్చలు, మెడ పక్కన చిన్న గడ్డ కనిపించాయి. రొమ్ము కాన్సరే ఎముకకు పాకిందని డాక్టర్ అన్నారు, మెడ గడ్డలోంచి సూదితో ముక్క తీయాలన్నారు. కాన్సర్ కణాలు రకం మార్చుకుని ఒళ్లంతా పాకుతాయని ఒక వీడియోలో చూశాను. అంటే అమ్మకు వచ్చింది వేరే రకం కాన్సరా? పాత మందులు ఇక పనిచేయవా? సూది పెడితే ఇంకా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. మామ పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామంటున్నాడు. అమ్మేమో అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకుంటానంటోంది. మాకు దిక్కు తోచడం లేదు.

జవాబు: అమ్మా, కణాల సంగతికి తర్వాత వస్తాను, ముందు మీ మామను ఆపండి. పుత్తూరు కట్టు మీద మన వైపు ఎంత నమ్మకం ఉందో నాకు తెలుసు, చెయ్యి విరిగినవాళ్లు, కాలు విరిగినవాళ్లు పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు, దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కానీ మీ అమ్మగారి వెన్నుపూస కింద పడి విరిగింది కాదు. మీ డాక్టర్ చెప్పినదాన్ని బట్టి కాన్సర్ లోపలి నుంచి ఎముకను తినేస్తోంది. అలాంటి చోట నొక్కినా, లాగి సర్దినా, గట్టిగా మర్దన చేసినా పూస కుంగిపోయి, దాని వెనకే ఉన్న వెన్నుపామును నొక్కేయవచ్చు. ఒకసారి కాళ్లు పడిపోతే తిరిగి నడిపించడం చాలా కష్టం. అందుకని కట్టు వద్దు, మర్దన వద్దు, బరువులు ఎత్తడం వద్దు, ఇంట్లో బిందె కూడా ఆమె చేత ఎత్తించకండి. కాళ్లలో తిమ్మిరి మొదలైనా, నడుస్తుంటే కాళ్లు తేలిపోతున్నట్టు ఉన్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి "వెన్నెముకలో కాన్సర్ ఉంది, కాళ్లు బలహీనపడుతున్నాయి" అని మొదటి మాటగా చెప్పండి. ఎంఆర్ఐ తీసి, స్టెరాయిడ్ మొదలుపెట్టి, కరెంటో ఆపరేషనో వెంటనే నిర్ణయిస్తారు. ఈ విషయంలో రోజులు కాదు, గంటలు లెక్క.

ఇక మీ అసలు ప్రశ్న. నేను పాథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అంటే రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి అదేమిటో చెప్పే పని నాది. మీరు వీడియోలో చూసిన మాట నిజమే, కాకపోతే సగం చెప్పి వదిలేసినట్టున్నారు, ఆ మిగతా సగంలోనే మీకు కావలసిన జవాబు ఉంది.

రొమ్ములో పాల నాళాలు ఉంటాయి కదా, వాటి లోపలి గోడకు వరసగా పేర్చినట్టు ఉండే కణాలను ఎపిథీలియల్ కణాలంటారు. చర్మం మీదా, పేగు లోపలా, ఊపిరితిత్తుల్లోనూ ఉండేవి ఈ జాతివే. వీటి స్వభావం స్థిరంగా ఉండడం. పక్క కణాన్ని ఈ-కాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌తో గట్టిగా పట్టుకుని, కింద పలుచటి పొర మీద ఆనుకుని, ఉన్నచోటే ఉంటాయి. పెద్దవాళ్లలో వచ్చే కాన్సర్లలో ఎక్కువ భాగం ఇలాంటి కణాల్లోనే పుడతాయి. మరి కదలని కణం రొమ్ము నుంచి వెన్నెముక దాకా ఎలా పోయింది?

దీనికి జవాబు కాన్సర్ వార్డులో దొరకలేదు, పిండం ఎలా పెరుగుతుందో చూసేవాళ్ల దగ్గర దొరికింది. మనం తల్లి కడుపులో కొన్ని వారాల పిండంగా ఉన్నప్పుడు, ఒకచోట అంటుకుని ఉన్న కణాలు ఆ పట్టు వదిలేసి, పొడుగ్గా సాగి, లోపలికి పాకుతూ పోయి కొత్త పొరలు కట్టాలి. అలా పాకే స్వభావం ఉన్న కణాలను మెసెన్‌కైమల్ కణాలంటారు. ముఖంలోని ఎముకలు, చర్మానికి రంగునిచ్చే కణాలు ఇలా ప్రయాణం చేసి వచ్చిన కణాల నుంచే తయారవుతాయి. అమెరికాలో ఎలిజబెత్ హే అనే శాస్త్రవేత్త కోడి పిండాల మీద ఏళ్ల తరబడి ఈ మార్పును గమనించారు. 1982లో ఆమె బృందం ఎదిగిన ఎపిథీలియల్ కణాలను కొల్లాజెన్ జెల్‌లో ఉంచి చూస్తే, అవి వరస విడిచి పాకే కణాల్లా మారిపోయాయి. ఈ మార్పును ఇప్పుడు ఎపిథీలియల్-మెసెన్‌కైమల్ ట్రాన్సిషన్, పొట్టిగా ఈఎంటీ అంటున్నారు. అంటే ఇది కాన్సర్ కనిపెట్టిన కొత్త విద్య కాదు. మన ఒంటికి పుట్టక ముందు నుంచీ తెలిసిన పనే, చర్మం మీద గాయం మానేటప్పుడు కూడా అంచుల్లోని కణాలు కొంత మేరకు ఇదే పని చేస్తాయి. పని అయ్యాక మామూలు కణం సద్దుమణుగుతుంది, కాన్సర్ కణం ఆ పాత విద్యను తన అవసరానికి వాడుకుంటుంది.

దీన్ని నడిపే జన్యువుల పేర్లు స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 లాంటివి. స్నెయిల్, ట్విస్ట్ మొదట పండ్ల ఈగ పిండాల మీద చేసిన పరిశోధనల్లో బయటపడ్డాయి, ఈగలో దొరికిన జన్యువు మీ అమ్మగారి జబ్బు దాకా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కాన్సర్ గడ్డ పెరిగేకొద్దీ లోపల ఆక్సిజన్ చాలదు, చుట్టూ వాపు ఉంటుంది, పక్కనున్న మామూలు కణాలు కూడా టీజీఎఫ్-బీటా లాంటి రసాయనాలు వదులుతుంటాయి. ఆ ఒత్తిడిలో కొన్ని కణాల్లో ఈ జన్యువులు మేలుకుంటాయి. అలా మేలుకున్న స్నెయిల్ ఈ-కాడ్‌హెరిన్ తయారీని ఆపేస్తుందని 2000లో తేలింది. పట్టు వదిలిన కణం సాగి, కింది పొరను కరిగించే ఎంజైములు వదిలి, దారి చేసుకుని రక్తనాళంలోకి దూరుతుంది. 2004లో ట్విస్ట్ జన్యువును ఆపేసి చూశారు, ఎలుకల్లో రొమ్ము గడ్డ నుంచి ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిపోయింది.

వీడియోలు సాధారణంగా ఇక్కడితో ఆగుతాయి. కానీ రక్తంలోకి దిగిన కణాల్లో దాదాపు అన్నీ దారిలోనే చచ్చిపోతాయి. రక్తప్రవాహం తోపిడి ఉంటుంది, రోగనిరోధక కణాలు వెంటపడతాయి, తప్పించుకున్నవి కొన్ని ప్లేట్‌లెట్ల చాటున దాక్కుంటాయి. చివరికి ఏ ఎముకలోనో దిగిన కణం పాకే రూపంలోనే ఉండిపోతే గడ్డ కట్టలేదు, ఎందుకంటే పాకే స్థితిలో కణం పెద్దగా విభజన చెందదు. అక్కడ పెరగాలంటే మళ్లీ పాత ఎపిథీలియల్ రూపానికి రావాలి. 2012లో ఎలుకల చర్మం కాన్సర్ మీద చేసిన పనిలో ఇది స్పష్టంగా కనిపించింది: గడ్డలోంచి బయటపడడానికి ట్విస్ట్ ఉండాలి, కొత్తచోట పెరగడానికి ట్విస్ట్ ఆగిపోవాలి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మీ టెన్షన్‌లో సగం ఇక్కడే పోతుంది. కణం మార్చుకున్నది తన నడవడిని, తన పుట్టుకను కాదు. మీ పలమనేరు వైపు నుంచి పనికోసం బెంగళూరు వెళ్లినవాడు అక్కడ కన్నడం మాట్లాడతాడు, వేషం మారుస్తాడు, అంతమాత్రాన ఊరు మారిపోదు కదా. రొమ్ము నుంచి పాకిందే అయితే, ఎముకలో ఉన్నా మీ అమ్మగారిది రొమ్ము కాన్సరే. ఎముకలో పుట్టే కాన్సర్ వేరు, దాని మందులు వేరు, అది ఈ వయసులో అరుదు. మేం మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు కూడా, వెన్నెముకలోంచో మెడ గడ్డలోంచో తీసిన ముక్కలో చాలాసార్లు పాల నాళాల పోలికతో గుంపులు కట్టిన కణాలే కనిపిస్తాయి, గాటా3 లాంటి పరీక్ష పెడితే రొమ్ము నుంచి వచ్చిందని చెప్పగలుగుతాం. కాబట్టి మీ డాక్టర్ "రొమ్ము కాన్సరే పాకింది" అన్నది, ముక్క పరీక్ష కూడా అదే చెబితే, సరైన మాట, చికిత్స కూడా రొమ్ము కాన్సర్ డాక్టరే చూడాలి, ఎముకల డాక్టర్ అవసరమైన చోట సాయానికి వస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగమే చెప్పినట్టు అవుతుంది. ప్రతి కాన్సర్ ఈ దారిలోనే పాకుతుందని లేదు. 2015లో ఎలుకల మీద చేసిన రెండు పరిశోధనల్లో, పూర్తిగా మారకుండానే కణాలు వేరే అవయవాలకు చేరాయని, ఈఎంటీ పాత్ర కీమోకు లొంగకుండా ఉండడంలోనే ఎక్కువగా కనిపించిందని తేలింది. దానిమీద వాదన ఇంకా నడుస్తోంది. చాలా కణాలు అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా ఉంటాయనీ, కొన్ని ఒంటరిగా కాక గుంపుగా కలిసి పోతాయనీ, అలా పోయే గుంపులకే కొత్తచోట పెరిగే బలం ఎక్కువనీ కూడా చూశారు. అందుకే "కణాలు రూపం మార్చకుండా ఆపే పొడి" అనో "కషాయం" అనో ఎవరైనా అమ్మజూపితే డబ్బు పెట్టకండి, ఈ మార్పును మాత్రమే ఆపే మందుగా అనుమతి పొంది ఆసుపత్రుల్లో వాడుతున్నది ఏదీ లేదు.

ఇప్పుడు సూది సంగతి. పాకింది పాత కాన్సరే అయితే మళ్లీ ముక్క ఎందుకు తీయడం అని మీ బంధువులు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. పుట్టుక మారకపోయినా, మందు పట్టుకునే గుర్తులు మారవచ్చు. రొమ్ము కాన్సర్ కణంలో మూడు చూస్తాం: ఆడ హార్మోన్లను పట్టుకునే ఈఆర్, పీఆర్, కణాన్ని పెరగమని తొందరపెట్టే హెర్2 ప్రొటీన్. నాలుగేళ్ల కిందటి రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని ఉండి ఉండాలి, అందుకే ఆ మాత్ర ఇచ్చారు. పాకిన చోట తీసిన ముక్కలో ఈఆర్ ఫలితం సుమారు 100 మందిలో 15 నుంచి 20 మందికి మారి కనిపిస్తుంది, పీఆర్ ఇంకా ఎక్కువసార్లు మారుతుంది, హెర్2 తక్కువసార్లు. పాత రిపోర్టు చూసి మందు రాస్తే ఆ కొద్దిమందికి పనిచేయని మందు నెలల తరబడి పడుతుంది. అసలు ఆ గడ్డ కాన్సరేనా, టీబీ లాంటిదా అన్నది కూడా ముక్క చూస్తేనే తేలుతుంది, మన దేశంలో మెడ గడ్డా వెన్నెముక మచ్చా టీబీ వల్ల కూడా వస్తాయి, ఆ అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. మొదటిసారి పాకినట్టు అనుమానం వచ్చినప్పుడు వీలైతే ముక్క తీసి చూడాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి.

మెడ గడ్డలోంచి తీస్తామనడం కూడా మంచి నిర్ణయం. ఎముక ముక్కను పరీక్షించాలంటే ముందు యాసిడ్‌లో వేసి సున్నం తీసేయాలి, అది గట్టి యాసిడ్ అయితే ఈఆర్, హెర్2 పరీక్షలు చెడిపోయి, ఉన్నది లేనట్టు చూపించవచ్చు. నా పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టినవి ఇలాంటి ముక్కలే. మెత్తటి గడ్డ అయితే ఆ బాధ లేదు. పైగా పైకి తగిలే గడ్డ, మత్తు సూది ఇచ్చి కొద్దిసేపట్లో ముక్క తీసేస్తారు. సన్నసూదితో కొన్ని కణాలు మాత్రమే లాగితే ఈ పరీక్షలన్నిటికీ చాలకపోవచ్చు, కాబట్టి "కోర్ బయాప్సీ చేస్తారా?", అంటే కొంచెం లావు సూదితో సన్నటి ముక్క తీస్తారా, అని అడగండి.

సూది తగిలితే పాకుతుందన్న భయం మన ఊళ్లలో చాలా మందిని ఆసుపత్రికి ఆలస్యంగా చేర్చింది, ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. సూది వెళ్లిన దారిలో కణాలు అంటుకోవడం అరుదుగా జరుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ కణానికి పాకే స్వభావం సూది వల్ల రాదు, పైన చెప్పిన జన్యువులు, రసాయనాల వల్ల వస్తుంది, అది గడ్డ లోపల ఎప్పుడో మొదలై ఉంటుంది. మీ అమ్మగారి విషయంలో కణాలు వెన్నెముక చేరి చాలాకాలమై ఉంటుంది, బహుశా మొదటి ఆపరేషన్‌కు ముందే కొన్ని వెళ్లి అక్కడ నిద్రపోతున్నట్టు పడి ఉండవచ్చు. ఈఆర్ పాజిటివ్ రొమ్ము కాన్సర్‌లో అయిదేళ్లు దాటాక, పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టడం తెలిసిన విషయమే. ఇప్పుడు మెడలో సూది పెట్టినందువల్ల కొత్తగా వచ్చే నష్టం దాదాపు ఏమీ లేదు, పెట్టకపోతే మాత్రం చీకట్లో మందు వేసినట్టే.

మాత్ర మానేయడం వల్లే వచ్చిందా అని మీరు నేరుగా అడగలేదు గానీ, "మాకు చెప్పకుండా" అని రాశారు, అందులో ఆ ప్రశ్న ఉంది. పూర్తి కాలం వాడితే తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది, అది నిజం. కానీ సరిగ్గా వాడినవాళ్లకూ తిరగబెడుతుంది, మానేసిన అందరికీ తిరగబెట్టదు, ఒక మనిషి విషయంలో ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరు. ఆ మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులు చిన్నవి కావు, ఉదయం లేచి వేళ్లు ముడవలేకపోతారు. మాత్ర మార్చి చూడవచ్చని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమెను నిలదీయకండి. అయితే మీ డాక్టర్‌కు మాత్రం దాచకుండా చెప్పండి, ఏ పేరు మాత్ర, ఎప్పుడు మొదలుపెట్టింది, ఎప్పుడు మానింది అని. మాత్ర వాడుతుండగా తిరగబెడితే ఒక దారి, మానేశాక చాన్నాళ్లకు తిరగబెడితే ఇంకో దారి. ఆమె మానేసిందన్నది ఇప్పుడు పనికొచ్చే సమాచారం, బహుశా ఆ మందుల కుటుంబం ఇంకా పనిచేస్తుందనడానికి ఆధారం కూడా.

పాత మందులు పనికిరావా అని కదా అడిగారు. ఈఆర్ పాజిటివ్‌గానే ఉండి హెర్2 నెగటివ్ అయితే చాలామందికి కీమోతో పని లేకుండా, హార్మోన్ మాత్రకు తోడు పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటి మాత్ర ఇస్తారు. పాల్బోసిక్లిబ్ పేటెంటు 2023 జనవరిలో ముగిసి మన దేశంలో చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర ముందుకంటే బాగా దిగింది. హెర్2 పాజిటివ్‌గా తేలితే దానికి విడిగా ఇంజెక్షన్లు ఉన్నాయి. మూడూ నెగటివ్ అయితే కీమో వైపు వెళ్తారు. ఎముకకు వేరే సాయం కావాలి: జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ ఎముక ఇంకా తినుకుపోవడాన్ని తగ్గిస్తుంది, అది మొదలుపెట్టకముందు పళ్ల డాక్టర్‌కు చూపించి, పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించేయండి, తర్వాత పీకిస్తే కొందరికి దవడ ఎముక మానకపోవచ్చు. నొప్పి ఉన్న పూసకు కరెంటు పెడితే చాలామందికి ఉపశమనం వస్తుంది, కొన్నిసార్లు ఒక్క సిటింగ్ సరిపోతుంది. ఈ దశలో పూర్తిగా నయమవుతుందని నేను చెప్పలేను, డాక్టర్లూ చెప్పరు. కానీ మందు పట్టినవాళ్లు ఏళ్ల పాటు ఇంట్లో తమ పనులు తాము చేసుకుంటూ ఉండడం నేను చూశాను, ఎముకకే పరిమితమైన వాళ్లలో ఇంకా ఎక్కువగా.

ఎక్కడికి వెళ్లాలో మీరు రాయలేదు. పలమనేరు నుంచి తిరుపతి వస్తే స్విమ్స్ ఉంది, టాటా ట్రస్టులు నడిపే శ్రీ వేంకటేశ్వర కాన్సర్ ఆసుపత్రి ఉంది, అటు వెల్లూరు సీఎంసీ కూడా మీకు దూరం కాదు. ఎక్కడైనా ఒకచోటే పట్టుకోండి, చోటు మార్చిన ప్రతిసారీ పరీక్షలు మళ్లీ మొదలై నెల గడిచిపోతుంది. మన వాళ్లు ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఏది చేతి డబ్బుతో కొనాలో ఆసుపత్రిలో ఆ పథకం చూసే మనిషిని మొదటి రోజే అడగండి, మాత్ర పేరు రాయించుకుని మరీ అడగండి.

మొక్కు గురించి అమ్మతో మీరు గట్టిగా మాట్లాడలేకపోతే ఇది చదివి వినిపించండి. అమ్మగారూ, అలిపిరి నుంచి 3550 మెట్లు, ఆ వెన్నుపూసతో ఎక్కకూడదు, దిగకూడదు. పూస ఎంత గట్టిగా ఉందో డాక్టర్ చూసి సరేనన్నాక బస్సులో కొండకు వెళ్లండి, ముందు సీట్లో కూర్చోండి, కుదుపు తక్కువ. మెట్ల మొక్కును మీ తరఫున మీ అమ్మాయి తీర్చవచ్చు. గుండు మొక్కుకు ఏ అడ్డూ లేదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నాలుగేళ్ల కిందటి బయాప్సీ రిపోర్టు, ఐహెచ్‌సీ రిపోర్టు (ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు ఉండేది), ఆపరేషన్ కాగితాలు, ఎన్ని కీమోలు ఎక్కించారో రాసిన డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. మొదట ఆపరేషన్ చేసిన చోట మైనపు దిమ్మ, అంటే బ్లాక్, దాచి ఉంటారు, అర్జీ రాసి ఇస్తే ఇస్తారు, అది తెచ్చుకుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకే పాథాలజిస్టు చూడగలుగుతారు. కొత్త రిపోర్టు వచ్చాక ఈఆర్, పీఆర్, హెర్2 పక్కన ఏం రాశారో నాకు రాయండి. హెర్2 దగ్గర 2 ప్లస్ అని ఉంటే అది పాజిటివ్ కాదు, నెగటివ్ కాదు, ఫిష్ అనే ఇంకో పరీక్ష అయ్యేదాకా తేలనట్టే, ఆ పరీక్ష చేయించాకే మందు నిర్ణయించమని అడగండి.